తండ్రిగారు కోరిన ఐక్యత



ప్రతి సంవత్సరం జనవరి 18 నుండి 25 వరకు క్రైస్తవ ఐక్యతా ప్రార్థనా వారం జరుపుకుంటాం. 1908లో అమెరికాలో పాల్ వాట్సన్ అనే గురువు మొదలుపెట్టిన ఈ ప్రార్థన ఇప్పుడు దేశదేశాల్లో, అన్ని సంఘాలలో వినిపిస్తోంది. మనమూ ఆ ఎనిమిది రోజులు దివ్యబలి పూజలో ఐక్యత కోసం ఒక విన్నపం చదువుతాం. తొమ్మిదో రోజు నుండి మళ్లీ ఎవరి గుడి వారిది, ఎవరి దారి వారిది. నంద్యాలలో గాని, ఆళ్లగడ్డలో గాని ఒకే వీధిలో ఉంటున్న ఇద్దరు క్రైస్తవులు ఒకరి గుడిలో ఒకరు ఎన్నిసార్లు అడుగుపెట్టారో వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. ఇది ఎవరినీ తప్పుపట్టడానికి చెప్పే మాట కాదు. మన అందరి సంగతీ ఇదే.

అందుకే ఈ వారం మన శ్రీసభకు చెందని ఒక పీఠాధిపతి జీవితాన్ని మీ ముందు ఉంచాలనుకుంటున్నాం. ఆయన బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య గారు. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్పు. ఒకప్పుడు మన నంద్యాల ప్రాంతపు ఆంగ్లికన్ విశ్వాసులకూ ఆయనే కాపరి. పల్లె జనం ఆయనను తండ్రిగారు అని పిలిచేవారు. తన జీవితంలో చివరి పాతికేళ్లు ఆయన దేనికోసం శ్రమించారో దానిని ఆయన కళ్లారా చూడలేదు. ఆయన కన్నుమూసిన తరువాత అది నెరవేరినప్పుడు, అందులో చేరకుండా వెనక ఆగిపోయినది మన నంద్యాలే. ఈ కథలో మనకు ఒక పాఠం ఉంది.

అజరయ్య గారు 1874 ఆగస్టు 17న తమిళనాడులో నేటి తూత్తుకుడి జిల్లాలోని వెళ్లాలన్‌విళై అనే పల్లెలో పుట్టారు. తండ్రి థామస్ వేదనాయగం ఆ ఊరి ఆంగ్లికన్ గురువు. కుటుంబం నాడార్ కులానికి చెందినది. ఆనాడు పై కులాలవారు నాడార్లను గుడి గుమ్మం కూడా తొక్కనిచ్చేవారు కారు. అవమానం అంటే ఏమిటో ఆ ఇంటికి తెలుసు. బాలుడు మద్రాసు క్రైస్తవ కళాశాలలో గణితం చదివాడు గాని, చివరికి పట్టా పుచ్చుకోలేదు. ఇరవై యేళ్లు దాటీ దాటకముందే వై.ఎం.సి.ఎ.లో కార్యదర్శిగా చేరి దక్షిణ దేశమంతా తిరిగాడు. 1898లో అన్బు మరియమ్మాళ్ గారిని వివాహమాడాడు. కళాశాల చదువు చదివిన తొలితరం క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు.

1902లో ఆయన జాఫ్నా వెళ్లారు. అక్కడి తమిళ క్రైస్తవులు తమ డబ్బుతో, తమ మనుషులతో సువార్త సేవ చేస్తుండడం చూసి ఆలోచనలో పడ్డారు. మన దేశంలో సువార్త పని ఎంతకాలం దొరల డబ్బుమీద, దొరల పెత్తనంమీద నడవాలి? తిరిగి వచ్చాక 1903లో తిరునెల్వేలిలో ఒక భారతీయ మిషనరీ సంఘాన్ని స్థాపించారు. 1905 క్రిస్మసు రోజున బెంగాల్లోని శ్రీరాంపూర్‌లో జాతీయ మిషనరీ సంఘం పుట్టడానికీ ఆయన ముఖ్య కారకులు. తిరునెల్వేలి సంఘం తన పనికి ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్. నేడు అది మహబూబాబాద్ జిల్లాలో ఉంది.

ఇతరులను పంపి తాను మద్రాసులో కూర్చోవడం ఆయనకు మనస్కరించలేదు. మంచి ఉద్యోగం వదిలి, 1909లో గురుపట్టం పుచ్చుకొని, భార్యాబిడ్డలతో డోర్నకల్ చేరారు. ముప్పై అయిదేళ్ల వయసులో తెలుగు నేర్చుకున్నారు. పాఠకులారా, మన భాష మాట్లాడే పేదల కోసం ఒక తమిళుడు మన అక్షరాలు దిద్దాడన్న సంగతి మనం మరువకూడదు.

1910లో స్కాట్లాండులోని ఎడిన్‌బరో నగరంలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. వచ్చినవారిలో చాలామంది ఐరోపా, అమెరికా ప్రతినిధులు. ఆసియావారు కొద్దిమంది. ఆ సభలో అజరయ్య గారు లేచి అక్కడివారికి రుచించని సత్యం చెప్పారు. మిషనరీల త్యాగాన్ని ఆయన తక్కువ చేయలేదు. వారు ఆస్తులు ఇచ్చారని, ప్రాణాలు సైతం ఇచ్చారని కృతజ్ఞతతో ఒప్పుకున్నారు. అయితే ఏళ్ల తరబడి కలిసి పనిచేసిన భారతీయుణ్ణి తమ బల్లవద్దకు పిలవని దొరలు ఉన్నారని, ప్రేమించడం అంటే సాయం చేయడం మాత్రమే కాదని, తమకు కావలసినది స్నేహితులు అని తేల్చి చెప్పారు. కొందరు మెచ్చుకున్నారు, కొందరు నొచ్చుకున్నారు. ఆయన మాత్రం ఆ మాట వెనక్కు తీసుకోలేదు.

1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ కథెడ్రల్‌లో ఆయనకు బిషప్పుగా అభిషేకం జరిగింది. ఒక భారతీయుడు ఆ పదవికి తగడని వాదించినవారు ఆంగ్లేయులలోనే కాదు, మనవారిలోనూ ఉన్నారు. మొదట ఆయనకు అప్పగించినది చిన్న మేత్రాసనం. 1920 తరువాత అది తెలుగు దేశపు ఆంగ్లికన్ సంఘాలన్నిటికీ విస్తరించింది. కృష్ణా తీరంతో పాటు కర్నూలు, కడప ప్రాంతాలూ అందులోకి వచ్చాయి. అలా నంద్యాల ఆయన ఆధీనంలోకి వచ్చింది.

మన ప్రాంతంలో ఆంగ్లికన్ సంఘం చరిత్ర అంతకు ఎంతో ముందే మొదలైంది. పందొమ్మిదో శతాబ్దం నడుమ ఎస్.పి.జి. అనే ఇంగ్లండు మిషను వారు చాగలమర్రి దగ్గరి ముత్యాలపాడులో పని ప్రారంభించారు. ఆళ్లగడ్డ చుట్టుపక్కల పల్లెలలో మాల, మాదిగ పేటలకు బడి వచ్చినది ఆ కాలంలోనే. తరువాత నంద్యాల వారికి కేంద్రమైంది. నంద్యాలలో ఎస్.పి.జి. హైస్కూలు పేరు వినని ఇల్లు ఉండదు. అందులో చదివినవారిలో అన్ని మతాలవారూ ఉన్నారు. మన కతోలిక కుటుంబాలవారూ ఉన్నారు.

ఇక తండ్రిగారి దినచర్య ఎలా ఉండేది? ఆయన కాలం ఎక్కువగా పల్లెలలోనే గడిచేది. ఎద్దుబండిమీదనో, నడిచో ఊరికి చేరేవారు. చెట్టుకింద జనాన్ని కూర్చోబెట్టి, ప్రసంగం మొదలుపెట్టకముందే ప్రశ్నలు వేసేవారు. ముసలమ్మను ఒక ప్రశ్న, పసివాణ్ణి ఒక ప్రశ్న. చదువురాని వారికి ఏమీ అర్థం కాదని ఆయన ఏనాడూ అనుకోలేదు. జ్ఞానస్నానం పొందినవారి చేత తలమీద చేయి పెట్టించి, సువార్త చాటడం తమ బాధ్యతే అని చెప్పించేవారు. అంటే బిషప్పుకు ఎంత బాధ్యతో, నిన్న జ్ఞానస్నానం పొందిన కూలివాడికీ అంతే బాధ్యత.

మురికి, రోగం, అప్పు, తాగుడు. ఈ నాలుగూ పేదవాడి శత్రువులని ఆయన అలుపులేకుండా చెప్పేవారు. ఆత్మ గురించి చెప్పి ఒంటిని మరిచిపోవడం ఆయనకు తెలియదు. ఇంట్లో వంటకు బియ్యం తీసిన ప్రతిసారీ ఒక పిడికెడు దేవునికని వేరే కుండలో పోయడం తల్లులకు అలవాటైంది. ఆ పిడికెళ్లే ఉపదేశులకు జీతమయ్యాయి, గుడులకు గోడలయ్యాయి. పేదవాడు పుచ్చుకునేవాడే కాదు, ఇచ్చేవాడు కూడా అని ఆయన నమ్మారు. వడ్లు పండే నంద్యాల సీమలో ఉన్న మనకు ఆ పిడికెడు విలువ వేరే చెప్పాలా?

ఆరాధన మన నేలది కావాలని కూడా ఆయన కోరారు. తెలుగు కీర్తనలను, భజనలను, కోతల పండుగను ప్రోత్సహించారు. డోర్నకల్‌లో ఎన్నో ఏళ్లు కట్టించిన కథెడ్రల్‌ను 1939 జనవరి 6న ప్రతిష్ఠించారు. హిందూ, ముస్లిం, క్రైస్తవ నిర్మాణ రీతులు మూడూ అందులో కలిసి కనిపిస్తాయి. ఆనాటికి ఆయన మేత్రాసనంలో విశ్వాసుల సంఖ్య రెండు లక్షల దరిదాపులకు చేరింది. వారిలో ఎక్కువమంది మాలలు, మాదిగలు. వారిలో వారికి ఉన్న ఎడం ఆయనను ఎంతో బాధించింది. దేవుని బల్ల ఒక్కటే అయినప్పుడు దానిచుట్టూ రెండు వరుసలు ఎందుకు?

ప్రజాజీవితంలోనూ ఆయన సులువైన దారి పట్టలేదు. 1932లో బ్రిటిషు ప్రభుత్వం మతాల వారీగా ప్రత్యేక నియోజకవర్గాలు ప్రకటించింది. భారతీయ క్రైస్తవులకూ వాటిలో వాటా ఇచ్చింది. చాలామంది సంతోషించారు. అజరయ్య గారు వ్యతిరేకించారు. క్రీస్తు సంఘం ఓట్ల లెక్క చూసుకునే మరో వర్గంగా మారితే ఉప్పు తన సారం పోగొట్టుకుంటుందని ఆయన భయం. దేశం నుండి వేరుపడి తన వాటా అడిగే సంఘం దేశానికి ఏమి సేవ చేయగలదు?

అదే సమయంలో మహాత్మాగాంధీ గారితోనూ ఆయనకు భేదాభిప్రాయం వచ్చింది. దళితులు గుంపులుగా క్రైస్తవంలో చేరడాన్ని గాంధీగారు విమర్శించారు. తమకేది మేలో తెలుసుకునే తెలివి, ఎంచుకునే హక్కు పేదవాడికీ ఉన్నాయని అజరయ్య గారు సమాధానం చెప్పారు. ఒకవైపు ప్రభుత్వం ఇస్తానన్న లాభం వద్దన్నారు. మరోవైపు దేశమంతా గౌరవించే నాయకుని ఎదుట తన ప్రజల స్వేచ్ఛను వదులుకోలేదు. తరువాత రాజ్యాంగ సభలో హరేంద్ర కుమార్ ముఖర్జీ, యేసుసభ గురువు జెరోమ్ డిసౌజా వంటి క్రైస్తవ నాయకులు ప్రత్యేక రక్షణ స్థానాలు అక్కరలేదన్నప్పుడు, అజరయ్య గారు ముందుగా నడిచిన దారిలోనే నడిచారు.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. 1919 మే 1, 2 తేదీలలో తరంగంబాడిలో వేర్వేరు సంఘాలకు చెందిన 33 మంది సమావేశమయ్యారు. దాదాపు అందరూ భారతీయులే. వారికి ముందుండి నడిపినవారిలో అజరయ్య గారు ముఖ్యులు. కోట్లాది జనం మధ్య పిడికెడుగా ఉన్న మనం, ఎక్కడో ఐరోపాలో ఎప్పుడో పుట్టిన తగవులను ఇక్కడ మోయడం ఎందుకని వారు ప్రశ్నించుకున్నారు. ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు ఏకం కావడానికి చర్చలు అక్కడినుండే మొదలయ్యాయి. 1927లో స్విట్జర్లాండులోని లొసాన్‌లో జరిగిన మహాసభలోనూ ఆయన ఇదే చెప్పారు. విభజన పాశ్చాత్య దేశాలలో ఒక బలహీనత కావచ్చు గాని, మన దేశంలో అది పాపమే అన్నది ఆయన వాదన సారాంశం.

ఆయన జీవితాన్ని రాసినవారు చెప్పే ఒక సంఘటన ఉంది. 1935లో డాక్టర్ అంబేద్కర్ గారు హిందువుగా చనిపోనని ప్రకటించిన తరువాతి రోజులవి. అజరయ్య గారితో సంభాషణలో అంబేద్కర్ గారు ఒక ప్రశ్న వేశారట. మా ప్రజలు దేశమంతటా ఒకటిగా ఉన్నారు. మేము మీ మతంలోకి వస్తే ఎక్కడికక్కడ వేర్వేరు సంఘాలుగా చీలిపోమా, ఒకటిగానే ఉండగలమా అని. అవునని చెప్పలేకపోయిన ఆ క్షణంలో పడినంత సిగ్గు తన జీవితంలో మరెన్నడూ పడలేదని అజరయ్య గారు తరువాత చెప్పుకున్నారట. పాఠకులారా, ఆ సిగ్గు ఆంగ్లికన్ల ఒక్కరిదేనా? ఆ ప్రశ్న ఈరోజు మన విచారణకు వచ్చి ఎవరైనా అడిగితే మనమేం చెబుతాం?

చర్చలు పాతికేళ్లు సాగాయి. 1945 జనవరి 1న అజరయ్య గారు డోర్నకల్‌లో కన్నుమూశారు. ఆ నెలలోనే ఆయన సంఘపు మహాసభ ఏకీకరణకు ఆమోదం తెలిపింది. 1947 సెప్టెంబరు 27న మద్రాసులోని సెయింట్ జార్జి కథెడ్రల్‌లో దక్షిణ ఇండియా సంఘం అవతరించింది. స్వాతంత్ర్యం వచ్చి నెలన్నర కూడా కాలేదు. దేశం రెండు ముక్కలై నెత్తురు కారుతున్న రోజులలో, తరతరాలుగా విడిపోయి ఉన్న సంఘాలు ఇక్కడ ఒకటయ్యాయి.

కాని నంద్యాల చేరలేదు. డోర్నకల్ మేత్రాసనంలో భాగమై, తండ్రిగారి చేతులమీదుగా సాగిన ఈ ప్రాంతపు ఆంగ్లికన్లలో అధికసంఖ్యాకులు పాత సంఘంలోనే ఉండిపోయారు. కలకత్తా మెట్రపాలిటన్ వారిని తన కాపుదలలోకి తీసుకున్నారు. తరువాత 1963లో నంద్యాల ప్రత్యేక మేత్రాసనమైంది. చివరికి 1970లలో దక్షిణ ఇండియా సంఘంలో కలిసింది. అంటే తండ్రిగారి కోరిక డోర్నకల్‌లో 1947లో నెరవేరితే, నంద్యాలలో నెరవేరడానికి మరో పాతికేళ్లకు పైగా పట్టింది.

ఎందుకిలా జరిగింది? మొండితనం అని కొట్టిపారేయడం తేలిక. అది న్యాయం కాదు. బిషప్పుల చేత అభిషేకం పొందని పాదరులను కొత్త సంఘం గురువులతో సమానంగా స్వీకరించడం ఆనాడు పెద్ద వివాదమైంది. ఎస్.పి.జి. సంప్రదాయంలో పెరిగినవారికి అపోస్తలుల నుండి వచ్చే పరంపర ప్రాణప్రదం. కతోలికులమైన మనకు ఆ చింత అర్థం కాకపోదు. గురుపట్టం విషయంలో మన శ్రీసభ కూడా రాజీపడదు. కనుక మనస్సాక్షి కోసం ఆగిపోయినవారిని నిందించే అర్హత మనకు లేదు. అయితే ఒక మాట. మనస్సాక్షి ఎక్కడ ముగిసి అలవాటు ఎక్కడ మొదలైందో ఎవరికి వారే పరీక్షించుకోవాలి. తండ్రులు పెట్టిన గోడ కనుక మనమూ కాపాడాలనడం విశ్వాసం కాదు. కక్షలు తరాల తరబడి ఎలా నడుస్తాయో మన ప్రాంతపు పల్లెలకు ఒకరు చెప్పాలా? మొదటి కారణం మరిచిపోయాక కూడా పగ మిగిలి ఉంటుంది.

మరో పాఠం కూడా ఉంది. అజరయ్య గారు 1919లో ఐక్యత ప్రణాళిక చేతబట్టకముందే, 1910లో స్నేహం అడిగారు. ఆ వరుస గమనించండి. ముందు స్నేహం, తరువాత ఐక్యత. కాగితంమీద సంఘాలు ఎంత తొందరగా కలిసినా, ఒక బల్లవద్ద కూర్చోని మనుషులు కలవరు. స్నేహం కుదిరిన చోట సిద్ధాంతంలోని భేదాలను కూడా కోపం లేకుండా మాట్లాడుకోవచ్చు. రెండవ వాటికన్ మహాసభ 1964లో క్రైస్తవ ఐక్యతపై ప్రకటించిన పత్రం మనలను కోరినదీ ఇదే. విడిపోయిన సోదరులను ముందు సోదరులుగా చూడమంది. రెండవ జాన్ పాల్ పాపుగారు 1995లో అదే విషయంపై విశ్వలేఖ రాసి మళ్లీ గుర్తుచేశారు.

అయితే మనం ఏమి చేయగలం? గురుపట్టం గురించిన చిక్కుముడి నంద్యాలలోనో ఆళ్లగడ్డలోనో విప్పలేం. అది పెద్దల పని. మన చేతిలో ఉన్నవి చిన్నవి. పక్క సంఘంలో ఎవరైనా మరణిస్తే పాడె మోయడానికి మన యువకులు వెళ్లవచ్చు. వారి పండుగకు మన ఇంటినుండి ఒక పలారం పళ్లెం పోవచ్చు. తాగుడు వల్ల చితికిన ఇల్లు ఏ సంఘానిదని అడగకుండా రెండు సంఘాల తల్లులు కలిసి ఆ గడప తొక్కవచ్చు. ఫీజు కట్టలేని పిల్లవాడికి ఇద్దరు పాదరులు కలిసి సాయం చేయవచ్చు. మతాంతరం కాదు గదా, సంఘాంతర వివాహం జరిగితేనే పుట్టింటి తలుపు మూసే ఇళ్లు ఉన్నాయి. ఆ తలుపు తెరవవచ్చు. ఎన్నికల వేళ మా సంఘం ఓట్లు ఇన్ని అని నాయకుల ముందు లెక్కచెప్పే పెద్దలు, ప్రత్యేక నియోజకవర్గాన్ని వద్దన్న ఆ బిషప్పును ఒక్క క్షణం తలుచుకోవచ్చు.

వీటిలో ఒక్కటీ వార్తలకెక్కదు. పిడికెడు బియ్యమూ వార్తలకెక్కలేదు. కాని ఆ పిడికెళ్లే గుడులు కట్టాయి.

యోహాను సువార్త 17వ అధ్యాయం ఈ వారం ఇంటిల్లిపాదీ కూర్చొని చదవండి. సిలువకు ముందు రాత్రి ప్రభువు తన శిష్యుల ఐక్యత కోసం తండ్రిని వేడుకున్నారు. ఆ వేడుకోలు ఇంకా పూర్తిగా నెరవేరలేదు. అది నెరవేరడానికి అడ్డుగా ఉన్న గోడలో మన ఇటుక ఏది? దానిని ఈ సంవత్సరమే తీసి పక్కన పెట్టే ధైర్యం ప్రభువు మనకు, మన పక్కింటి సోదరులకు అనుగ్రహించుగాక. ఆమెన్.